రెక్కల చీమ ఇంటిపేరు

“ఇది కందిరీగ,” అన్నాడు చరణ్‌తేజ్.

“చీమ,” అంది మాలతి.

“ఇంత లావు చీమని మా తాత కూడా చూసుండడు.”

“మీ తాతగారు ఆఫ్రికా వెళ్ళలేదు కదండీ, ఎలా చూస్తారు?”

దుబాయ్ అల్ ఖూజ్‌లో పురుగుల మందు కొట్టే కంపెనీ అది. దాని వెనకగదిలో ఒకే మైక్రోస్కోపు మీదికి వంగి ఇద్దరికీ పొద్దుట్నుంచీ ఇదే వరస. ఏ పురుగు ఏ జాతిదో తేల్చడం వాళ్ళ ఉద్యోగం.

పక్క గోడౌన్‌లో కామెరూన్ నుంచి వచ్చిన దుంగలు దిగాయి. దుంగలకి అంటిన మట్టిలో కళ్ళు లేని నల్లచీమలు కుప్పలుగా దొరికాయి. అక్కడే ట్యూబులైటు కింద బారుపొట్ట పురుగులు కొన్ని రాలి ఉన్నాయి. వాటికి రెక్కలున్నాయి. తలకి మించిన కళ్ళున్నాయి. చీమల పక్కన పెడితే గొర్రె పక్కన ఏనుగు.

నల్లచీమల సంగతి ఇద్దరికీ తెలుసు. అడ్డమొచ్చినదాన్నల్లా తింటూ దండుగా కదిలే ఆఫ్రికా చీమలు. పేరు డోరిలస్ నైగ్రికాన్స్. శాస్త్రజ్ఞులు కూడా మనలాగే ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత రాస్తారు. గొడవంతా ఆ రెక్కలవాడిది ఏ ఇంటిపేరన్నదే.

వాడూ చీమే అయితే ఒకసారి పొగ పెట్టి దుంగలు వదిలెయ్యొచ్చు. ఊరూ పేరూ తెలియని కందిరీగైతే దుంగలన్నీ తిరిగి ఓడెక్కాలి. చరణ్‌తేజ్ పాతకాపు, పర్మనెంటు. మాలతికి ఇంకా ప్రొబేషనే, అదీ ఈ వారంతో ఆఖరు. ఇప్పుడు తప్పు చెబితే ఉద్యోగం గోవిందా.

“నా మాట వినండి మేడమ్. పంతానికి పోతే మీకే నష్టం,” అన్నాడు చరణ్‌తేజ్.

మాలతికి ఒళ్ళు మండింది. తను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనడం ఈయనకి మామూలే.

మధ్యాహ్నం ఇద్దరూ చెరో మూలా కూర్చుని డబ్బాలు విప్పారు. అప్పుడే మేనేజర్ షాహబాజ్ వచ్చాడు. ఆయనది నిజామాబాద్. ఆఫీసంతా ఆయన్ని ముదీర్ సాబ్ అంటుంది. ఆయన కంట్లో పడకుండా ఏదీ పోదు.

“ఏందిది, ఇయ్యాల గూడ రెండు డబ్బాలల్ల ఒక్కటే కూర? మీ ఆంధ్రోల్లకు దొండకాయ తప్ప ఇంకోటి దొరకదా?”

“కరామా మెస్ కదా సార్. అందరికీ ఒకటే వండి పడేస్తారు,” అన్నాడు చరణ్‌తేజ్. “ఉప్పు కూడా సరిగ్గా వెయ్యరు.”

మాలతి తన డబ్బా మూత ఠప్పున పెట్టేసింది.

“లడాయి బంద్ జేసి సాయంత్రం లోపల జవాబు చెప్పుండ్రి. యల్లా!” అని షాహబాజ్ వెళ్ళిపోయాడు.

మాలతి ఒక్కతే గోడౌన్‌కి వెళ్ళింది. దుంగ అడుగున మట్టిపెళ్ళ ఒకటి విడదీసింది. అందులో కనిపించింది ఆమెకి కావలసింది. దాన్ని అరచేతిలో పెట్టుకుని పరుగున వచ్చింది. ముదీర్ సాబ్ అప్పటికే గదిలో ఉన్నాడు.

“ఏమం...” ఆయాసంతో మాట తెగింది. “ఏమంటారు ఇప్పుడు, చరణ్ గారూ?”

మట్టిపెళ్ళలో రెక్కలవాడే ఉన్నాడు, రెక్కలు మాత్రం లేవు. అవి మొదలంటా విరిగిపోయాయి. కాళ్ళని కరిచిపట్టుకుని నల్లచీమలు అలాగే చచ్చి ఉన్నాయి.

“తినడానికి ఈడ్చుకుపోతున్నాయేమో,” అన్నాడు చరణ్‌తేజ్.

“తినేవైతే ముక్కలు చేసేవి. రెక్కలు తప్ప ఒంటిమీద ఒక్క గాటు చూపించండి. నడుం చూడండి, చీమకుండే కణుపుంది. దండులో నడిచేవన్నీ ఆడవే సార్. మగవాడు ఎక్కణ్ణుంచో ఎగిరొస్తాడు. ఆడవాళ్ళు రెక్కలు విరిచి రాణి దగ్గరికి తీసుకుపోతారు.”

“ఇల్లరికమన్నట్టు!” అన్నాడు షాహబాజ్.

“అచ్చం అదే. ఇద్దరికీ పోలికే లేదు కదా, పాతకాలం పండితులు వేరనుకుని వేరే పేర్లు పెట్టేశారు.”

చరణ్‌తేజ్ మైక్రోస్కోపులోకి చాలాసేపు చూశాడు.

“చీమే,” అన్నాడు, కాకరకాయ మింగినట్టు.

షాహబాజ్ పగలబడి నవ్వాడు. “వారెవా! ఒక్క ఇంటోల్లను పక్కపక్కన వెట్టుకొని వేరువేరనుకున్నం. చీమల నసీబ్ మంచిగుంది. మన కంపెనీలైతే మొగుడు పెండ్లాం ఒక్క సెక్షన్ల ఉండొద్దు, ఒకల్లను ఇంటికి తోలుడే. మాలతీ, ఖలాస్! రేపటిసంది నువ్వు పర్మనెంటు.”

మాలతికి కళ్ళు చెమర్చాయి. చరణ్‌తేజ్ మొహం చూడబోయి, చూడలేదు. పంతం నెగ్గిన సంతోషం ఒక్కటే కాదది. ఈ ఉద్యోగం పోతే ఏం చెయ్యాలా అని వారం రోజులుగా ఆమెకి కంటిమీద కునుకు లేదు.

సాయంత్రం చరణ్‌తేజ్ కారు తీసుకుని వెళ్ళిపోయాడు. మాలతి రోజూలాగే మెట్రో ఎక్కింది. షార్జా దారిలో ఉన్న స్టేషన్లో దిగి, మెట్లు దిగి, రోడ్డు దాటింది. ఉక్కపోత కూడా హాయిగానే ఉంది. ఒక్క దిగులు మాత్రం మిగిలింది. దాన్ని ఇవాళే తేల్చెయ్యాలనుకుంది.

ఫార్మసీ ముందు ఆగి ఉన్న కారు తలుపు తీసి, స్టీరింగ్ పట్టుకుని మూతి ముడుచుకున్న చరణ్‌తేజ్ పక్కన కూర్చుంటూ అంది: “ఏమండీ, రేపట్నుంచి మీ డబ్బాలో వేరే కూర పెడతాను.”