నీళ్ల మీద నూనె

మెకానిక్ బక్కయ్య రేడియేటర్ మూత మీద తడి గోనెసంచి కప్పి, ముఖం పక్కకు తిప్పుకుని మెల్లగా వదులు చేశాడు. బుస్సుమని ఆవిరి లేచింది. అది తగ్గాక ఒక పుల్ల ముంచి పైకి తీసి, వేళ్లతో రుద్ది చూశాడు. జిడ్డు.

"మళ్ల వచ్చింది నూనె," అన్నాడు.

ఏసురత్నం చేతిలోని బట్టతో తన తెల్ల అంబాసిడర్ తలుపును తుడుస్తూ నిలబడ్డాడు. ఎంత కష్టంలో ఉన్నా ఆ బండి మీద దుమ్ము కనిపిస్తే అతని చెయ్యి ఊరుకోదు.

పొద్దున పెండ్లికూతురిని తీసుకుపోతుంటే ఆత్మకూరు దాటకముందే ఇంజను కాగిపోయి ఆగింది. ఆమెను ఆటో ఎక్కించి, బండిని నలుగురు తోసుకుంటూ షెడ్డుకు తెచ్చారు. నెలలో ఇది రెండోసారి. పాత కారులో పెండ్లికూతురు దిగితే ముచ్చటగా ఉంటుందని పిలిచేవాళ్లు ఇక పిలవరు. ఈ బండి పోతే ఏసురత్నం మళ్లీ భార్య దేవమ్మను వెంటబెట్టుకుని ఊరు విడిచి మట్టిపనికి పోవలసిందే.

బక్కయ్య ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చాడు. ఫ్యాన్ బెల్టు బిగువుగానే ఉంది. నీళ్ల పంపు తిరుగుతోంది. ఇంజనుకు పెట్రోల్ అందించే పంపు మీద తడిబట్ట వేస్తే బండి అందుకుంది గానీ, ఐదు నిమిషాలకు మళ్లీ కాగి ఆగింది. నీళ్లలో నూనె కనబడిందంటే నూనె, నీళ్లు కలవకుండా ఆపే హెడ్డు కింది గాస్కెట్ పోయినట్టే. కానీ ఆ గాస్కెట్‌ను రెండు నెలల కింద తన చేతులతో తనే మార్చాడు. అప్పుడే రేడియేటర్ విప్పి సబ్బునీళ్లతో కడిగాడు కూడా.

ఇంజను ఆయిల్ కొలిచే పుల్ల తీసి వెలుతురులో పట్టి చూశాడు. ఆయిల్ నల్లగా ఉంది. అందులో నీటిచుక్క లేదు.

"నూనె నీళ్లలకొస్తుంది గని, నీళ్లు ఆయిల్లకు పోతలేవు. నలభై ఏండ్ల సంది చేస్తున్న, గిట్లాంటి ఇంజన్ సూడలే."

"ఏమైనట్టు బక్కన్నా?"

"ఇంజన్ బ్లాకుల యాడనో నెర్రె పడ్డట్టుంది. కంటికి కనబడది, చేతికి దొరకది."

నీళ్లు సరిగ్గా చూసుకుంటున్నావా అని అడిగాడు బక్కయ్య. ప్రతి ఆదివారం నిండుగా పోస్తాననీ, తర్వాత దేవమ్మ ప్రార్థన చేసి మూత పెట్టి, బానెట్ వేస్తుందనీ చెప్పాడు ఏసురత్నం.

బక్కయ్య నవ్వాడు. "నేను శనివారం శనివారం బీచుపల్లి ఆంజనేయస్వామి కాడికి పోయొస్త. నా మోకాళ్లు బాగైనయా? మొక్కుడు మొక్కుడే, నెర్రె నెర్రెనే."

అలాంటి బ్లాకు ఇప్పుడు ఎక్కడా దొరకదని, ఇంకా పట్టుకుని కూర్చుంటే నడిరోడ్డు మీద ఎవరినో ప్రమాదంలో పెడతావని నెమ్మదిగా నచ్చజెప్పాడు. ఏసురత్నం స్టీరింగు ముందు చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత వనపర్తి తుక్కు వ్యాపారికి ఫోన్ చేశాడు. గంటలో లారీ పంపుతానన్నాడు అతను.

లారీకంటే ముందు దేవమ్మ అన్నం డబ్బా పట్టుకుని వచ్చింది. సంగతి విని ఏడవలేదు. బండి చుట్టూ ఒకసారి తిరిగి, హెడ్‌లైటు మీద చెయ్యి వేసింది.

"ఎంతమంది పిల్లలను అత్తగారింట్ల దించింది ఇది," అంది. "పంపే ముందు ఒక్క తాప ప్రార్థన చేస్త."

ఏసురత్నం మెడలోని తువ్వాలు తీసి, ఎప్పటిలాగే తల వంచి గట్టిగా కళ్లు మూసుకున్నాడు. బక్కయ్య మర్యాదకు చేతులు జోడించాడు గానీ, కళ్లు మూసుకునే అలవాటు అతనికి లేదు.

దేవమ్మ గొంతు సన్నగా వినబడుతోంది. ఇన్నాళ్లూ భర్తను క్షేమంగా ఇల్లు చేర్చిన బండికి స్తోత్రం చెబుతోంది. అది సగంలో ఉండగానే ఏసురత్నం భుజం మీద బక్కయ్య చెయ్యి పడింది.

"రత్నం, జర కండ్లు తెరువు."

తెరిచాడు. దేవమ్మ ఎడమ చెయ్యి ఇంజను మీద ఉంది. కుడి చేతిలో, చర్చిలో ప్రార్థన చేసి ఇచ్చిన కొబ్బరినూనె సీసా రేడియేటర్ లోపలికి వంచి ఉంది.

ఆమెన్ అని తలెత్తి, ఇద్దరు మగవాళ్లూ కొయ్యబారి తనవైపే చూస్తుండడం గమనించింది దేవమ్మ.

"ఏందట్ల చూస్తున్నరు? ఆదివారం ఆదివారం గిండ్లనే పోస్తున్న. బానెట్ మీద రాస్తే దుమ్ము అంటుతదని నువ్వే గద వద్దంటివి."