విడి గ్లాసు

"ఆ గ్లాసు మన వాటితో కలపకే శేవంతా! అది వాడిది. కిటికీలో పెట్టు."

మంగల్‌తాయి అరిచేసరికి శేవంత ఆ గ్లాసును రెండు వేళ్ళతో ఎత్తి కిటికీలో పెట్టింది.

గ్లాసు విఠ్ఠల్ లోండేది. ఆ ఆడవాళ్ళిద్దరూ పనిచేసే, ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే సోలాపూర్ లాండ్రీలో కొత్త మిషన్ బిగించడానికి వచ్చాడు. ఇన్నాళ్ళూ ఆడవాళ్ళు మగ్గులతో పోసిన సబ్బునీళ్ళు, బ్లీచింగ్, యాసిడ్ ఇకమీద ఆ మిషనే గొట్టాలతో పీల్చి, కావలసినంత వదులుతుంది.

పనిమంతుడే. కానీ దగ్గు! మొదలైతే గోడ పట్టుకుని వంగిపోయేవాడు.

"క్షయే. కావాలంటే రాసిస్తాను," అంది శేవంత. ఆవిడేదో పెద్ద డాక్టరైనట్టు.

"క్షయ కాదు తాయీ. పరీక్ష చేయించుకున్నాను," అన్నాడు లోండే.

"మరేం రోగం?"

లోండే నోరు తెరిచాడు. ఏమనుకున్నాడో, మళ్ళీ మూసుకున్నాడు.

"పాతది," అన్నాడంతే.

"చూశారా, మాట మింగేశాడు!" అంది శేవంత.

లోండే బ్లీచింగ్ డ్రమ్మును ఈ గోడకు, యాసిడ్ డ్రమ్మును ఆ గోడకు పెట్టాడు. యాసిడ్ గొట్టానికి ఎర్ర గుడ్డ ముడేశాడు.

"మంగల్‌తాయీ, ఖాళీ డ్రమ్ము మార్చేటప్పుడే ఎవరైనా పొరపాటు పడేది. ఎర్ర గుడ్డ గొట్టం మరిచిపోయి కూడా బ్లీచింగ్‌లో ముంచొద్దు."

"ఆ సంగతి నాకు నువ్వు చెప్పాలా? నిన్నా అదే పాట, మొన్నా అదే పాట."

"రేపు కూడా పాడతాను తాయీ."

"తాయీ తాయీ అని అక్క వరస కలపకు. నాకు అన్నలూ లేరు, తమ్ముళ్ళూ లేరు."

"లేకేం? చందమామ ఉన్నాడుగా!" అని శేవంత కిసుక్కున నవ్వింది.

దీపావళి వెళ్ళగానే వచ్చే భావుబీజ్ నాడు అక్కడి ఆడవాళ్ళు అన్నదమ్ములకు హారతి పడతారు. తోబుట్టువులు లేనివాళ్ళు చందమామకు పడతారు. మంగల్‌తాయి కూడా చందమామకే పట్టేది, కానీ మనసులో మరొకరిని తలుచుకునేది. ఒకప్పుడు సాంగ్లీలో ఆమె చావబోతుంటే, భుజాన వేసుకుని పరుగెత్తిన మనిషిని. ఆమెకు స్పృహ వచ్చేసరికి అతను లేడు. పేరు తెలియదు, ముఖం తెలియదు. ఎంత వెతికించినా దొరకలేదు.

"ఎక్కడున్నా నా అన్న చల్లగా ఉండాలి," అనుకునేది ఏటేటా.

దగ్గు మాత్రం తగ్గలేదు. చివరికి మంగల్‌తాయి యజమాని బర్షీకర్ శేఠ్ దగ్గరికి వెళ్ళింది.

"నాది చచ్చి బతికిన ఛాతీ, శేఠ్. అతని గాలి నేను పీల్చలేను. మిషన్ కంపెనీకి ఫోన్ చేసి వేరే మనిషిని పంపమనండి. లేదంటే నేను మానేస్తా."

తలుపు దగ్గరే నిలబడ్డ లోండే అంతా విన్నాడు.

"తాయీ, ఇంకొక్క ఫిర్యాదు వెళ్ళిందంటే నా ఉద్యోగం ఊడుతుంది. ఈ దగ్గుతో ఇంకెవరు పెట్టుకుంటారు? నా మందులైనా జరగాలి కదా."

"నీ ఉద్యోగం కోసం మేం చావాలా?"

లోండే సంచీ సర్దుకున్నాడు. వెళ్ళేముందు ఎర్ర గుడ్డ ముడి మరోసారి బిగించాడు.

పొమ్మనలేక పొగబెట్టారంటారు. వీళ్ళకు ఆ మొహమాటం కూడా లేదు, పొమ్మనే అన్నారు. కిటికీలోని గ్లాసును శేవంత చెత్తలో పడేసింది.

దీపావళి వచ్చింది. భావుబీజ్ నాడు మంగల్‌తాయి ఎప్పటిలాగే హారతి పళ్ళెం పట్టుకుని చందమామకు ఎదురుగా నిలబడింది.

మర్నాడు మిషన్‌లో ఒక గొట్టం చిట్లింది. కంపెనీ నుంచి నిఖిల్ అనే కొత్తాయన వచ్చాడు. గొట్టం మారుస్తూ డ్రమ్ముల వంక చూశాడు.

"ఇంత దూరం దూరంగా పెట్టింది లోండేనే కదూ? ఆయనకు ఆ భయం పోలేదు పాపం."

"ఎలా ఉన్నాడిప్పుడు?" అంది మంగల్‌తాయి, మాటవరసకు.

"ఇంకెక్కడి లోండే? మీ ఫోన్ రాగానే తీసేశారు. మందులు మానేశాడు. దీపావళి మొదటిరోజున పోయాడు."

"నే చెప్పలేదూ, క్షయేనని!" అంది శేవంత.

"క్షయా పాడా! అది గ్యాస్. సాంగ్లీలో ఒక లాండ్రీలో ఎవరో గొట్టాలు తారుమారు చేసి యాసిడ్‌ను బ్లీచింగ్‌లో కలిపేశారు. గ్యాస్ కమ్మి ఆడవాళ్ళు పడిపోతే, ఈయనే లోపలికి దూరి లాక్కొచ్చాడు. బాయిలర్ వెనక ఇంకొకామె ఉండిపోయిందని తెలిసి మళ్ళీ వెళ్ళాడు. భుజాన వేసుకుని తెచ్చాడు. ఊపిరితిత్తులు అప్పుడే పాడయ్యాయి."

మంగల్‌తాయి పని వదిలేసి అతని దగ్గరికి వచ్చింది. "ఆ మాట మాకెందుకు చెప్పలేదు?" అంది.

"చెప్పొద్దని కంపెనీ నోరు కట్టేసింది. గ్యాస్ మాట ఎత్తితే మిషన్ ఎవరు కొంటారు?"

"మరి... ఆ బాయిలర్ వెనకామె?"

"ఎవరో, ఆయనకూ తెలియదు. 'ఎక్కడో చల్లగా ఉండే ఉంటుంది' అనేవాడు."

మంగల్‌తాయి కిటికీ వైపు చూసింది. అక్కడ గ్లాసు లేదు.

నిన్న సాయంత్రమే ఆమె చందమామకు హారతి పట్టి, నూరేళ్ళు బతకాలని కోరుకున్నది ఆ మనిషి కోసమే.