రాక్ వెనక సందు

ఆఫీసు ఖాళీ అయ్యాక కంప్యూటర్ తీగలన్నీ వచ్చి కలిసే నెట్‌వర్క్ రాక్ ముందు ఆమె ఒక్కతే మిగిలింది. తోడుగా పనిచేసే మనిషిని కంపెనీ మాన్పించి ఏడాదైంది. ఆ తర్వాత పనిలో మాట కలిపేవాళ్లే లేరు. ఒక చేత్తో కేబుళ్ల కట్ట ఎత్తి, రెండో చేత్తో పట్టీ చుట్టబోతే కట్ట జారిపోతోంది. వదిలేస్తే బరువుకు ప్లగ్గులు ఊడిపోతాయి.

"కాస్త పట్టుకోండి," అంది అలవాటుగా.

కట్ట తేలికైంది. రాక్ వెనక నుంచి ఎవరో ఎత్తి పట్టుకున్నారు. అక్కడ గోడకూ రాక్‌కూ మధ్య మనిషి పట్టే సందే లేదు. అయినా ఆమె పట్టీని మెల్లగా, తీగలు నలగకుండా చుట్టింది.

బయట నుంచి వాచ్‌మన్ కేకేశాడు. "ఏమ్మా, లోపల ఒక్కదానివేనా?"

ఫ్యాన్ల హోరులో రాక్ వెనక ఎవరో ఊపిరి బిగబట్టారు.

"లేదు బాబాయ్," అంది ఆమె, ఇంకో పట్టీ అందుకుంటూ. "ఇద్దరం ఉన్నాం."