పదకొండు గీతలు

"ఇప్పుడు నాలుగో నంబరు కథ," అన్నారు సుభాషిణి గారు, కాగితాలు టేబుల్ మీద తట్టి సర్దుకుంటూ.

బందరు యూనివర్సిటీలో శనివారం మధ్యాహ్నాలు సృజనాత్మక రచన డిప్లొమా క్లాసు జరుగుతుంది. పాతికమంది ఉంటారు. ఆ క్లాసుకో పద్ధతి ఉంది. ఎవరి కథ వాళ్లు పేరు లేకుండా మడిచి డబ్బాలో వేస్తారు. మేడమ్ నంబర్లు వేసి చదువుతారు. మిగతావాళ్లు చీల్చి చెండాడతారు. చర్చ ముగిసేదాకా రాసినవాళ్లు నోరు మెదపకూడదు. ఇది నాదని ముఖం కూడా పెట్టకూడదు.

ముదినేపల్లి చేపల చెరువుల ప్రేమ్ సాగర్ చివరి బెంచీలో కూర్చున్నాడు. గుడివాడ మీదుగా గంటన్నర బండి తోలుకుని వారం వారం వస్తాడు. అటెండెన్స్ అయ్యాక మెల్లగా లోపలికి జారుకుంటాడు. మేడమ్ చూసీ చూడనట్టు ఊరుకుంటారు. మామూలుగా అయితే ఈపాటికి ఫోన్‌లో మేత రేట్లు చూసుకుంటూ ఉండేవాడు. ఇవాళ మొదటి పేరా అయ్యేసరికే ఫోన్ జేబులో పెట్టేశాడు.

కథలో ఒక చేపల రైతు. తెల్లారగానే చెరువు గట్టుకు పరుగెడతాడు. చేపలు గాలి చాలక నోళ్లు తెరుచుకుని పైకి తేలుతున్నాయేమోనని అతని బెంగ. మేత లారీ వచ్చిన రోజు నుంచి భార్య మాట్లాడటం మానేస్తుంది. కోపం వచ్చి కాదు. ఎన్నాళ్లకు కనిపెడతాడో చూద్దామని. వంటింటి తలుపు వెనక సుద్దముక్కతో రోజుకో గీత గీస్తుంది. ఆ తలుపు వెనక అతనికెప్పుడూ పని పడలేదు మరి. భోజనం ముందు ప్రార్థన అతనే చేస్తాడు, ఆమెన్ కూడా అతనే అనేస్తాడు. పులుసు బాగా కుదిరిందనీ అతనే అంటాడు. పదకొండో గీత గీసిన పొద్దున ఆవిడ గళ్ల సంచిలో రెండు చీరలు, బైబిలు, చదువుకున్న సర్టిఫికెట్లు సర్దుకుంటుంది. వెళ్లిందో లేదో చెప్పకుండా కథ ఆగిపోతుంది.

ప్రేమ్ సాగర్ బెంచీ కింద వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. మేత లారీ వచ్చింది పోయిన బుధవారానికి ముందు బుధవారం. పదకొండు. లెక్క తప్పలేదు.

ముందుగా అవనిగడ్డ టీచరు మోషే లేచాడు. "కథ బాగుంది మేడమ్. ఆ మొగుడే నమ్మేటట్టు లేడు. పదకొండు రోజులు పెళ్లాం నోరిప్పకపోతే తెలీనోడు ఉంటాడాండీ? మా ఇంట్లో పదకొండు నిమిషాలు చప్పుడు లేకపోతేనే నాకు చెమటలు పట్టేస్తాయి."

క్లాసు గొల్లుమంది. ప్రేమ్ సాగర్ చెవులు వేడెక్కాయి.

"ఎందుకుండడూ?" అన్నారు పెడన నుంచి వచ్చే సౌభాగ్యమ్మ గారు. ఆవిడకు అరవై దాటాయి, మొహమాటాలు కూడా దాటాయి. "మా ఆయన నలభై ఏళ్లు అట్టాగే ఉన్నారు. కథలో అబద్ధం ఏమీ లేదు. ముగింపే చప్పగా ఉంది. సంచి సర్దుకున్నాక ఇంకా నాన్చుడేంటి? వెళ్లిపోయిందని రాసి పారేయాలి."

"అవునండీ, వెళ్లాలి," అన్నాయి నాలుగైదు గొంతులు.

ప్రేమ్ సాగర్‌కు ముళ్ల మీద కూర్చున్నట్టుంది. మూడో బెంచీలో పెన్ను మూత టక్కు టక్కుమని మోగుతోంది. ఆ చప్పుడుకు ఒళ్లు మండుతోంది. చీరలు మళ్లీ బీరువాలో పెట్టేసిందని ఒక్క వాక్యం చాలు, ఒకే ఒక్క వాక్యం, ప్రాణం కుదుటపడుతుంది. ఆ వాక్యం ఎవరూ అడగడం లేదు. అందరూ కలిసి ఆవిడను బస్సెక్కించేస్తున్నారు.

"వెళ్లదండీ," అనేశాడు.

తలలు వెనక్కి తిరిగాయి.

"ఎందుకని?" అడిగారు సుభాషిణి గారు.

"అతను చెడ్డోడు కాదండీ. చేపలు పోతే ఇల్లు గడవదని భయం. ఆ భయంలో పక్కనున్న మనిషి కనపళ్లేదు, అంతే. తప్పే. ఎంత తప్పో ఇప్పుడు తెలిసిందిగా. ఇకనుంచి మాట్లాడతాడు. ఆవిడ మాట్లాడితే వింటాడు కూడా. ఆ సంగతి ఆవిడకి తెలిస్తే ఎందుకు వెళ్తుందండీ?"

మోషే చప్పట్లు కొట్టాడు. "తెలిసినట్టు కథలో ఎక్కడుంది మావయ్యా? దొరికిపోయారు! నాలుగో నంబరు మీదే!"

మళ్లీ నవ్వులు. ప్రేమ్ సాగర్ తల దించుకుని బెంచీ మీద చెక్కిన పేర్లు గోటితో గీకుతున్నాడు.

సౌభాగ్యమ్మ గారు మాత్రం నవ్వలేదు. "ఇన్ని మంచి మాటలు ఇక్కడ మాకు చెప్తే ఏం లాభం బాబూ? ఇంట్లో ఆవిడతో చెప్పుండాల్సింది," అన్నారు.

సుభాషిణి గారు గడియారం చూసుకున్నారు. "చర్చ అయిపోయింది. ఇక రాసినవాళ్లు మాట్లాడొచ్చు. మీరే చెప్పండి, ఆవిడ వెళ్తుందా, ఉంటుందా?"

పెన్ను మూత మోత ఆగిపోయింది.

మూడో బెంచీలోంచి, ఇవాళ ప్రేమ్ సాగర్ బండి మీదే వచ్చిన గళ్ల సంచిని భుజాన వేసుకుని, అతని భార్య హేమ లేచి నిలబడింది.