ఆనందబాష్పాలు

"కెమెరాలోకి చూడకమ్మా! నా వైపు చూసి మాట్లాడు," అన్నాడు డైరెక్టరు.

గురమ్మ మట్టితట్ట దించి కాలువ గట్టు మీద నిలబడింది. "ఏటి మాటాడమంతారు బాబూ?"

"ఈ కాలువ వల్ల నీకేం ఒరిగిందో చెప్పు. ఈ డాక్యుమెంటరీ ఢిల్లీ దాకా పోతుంది. దేశమంతా చూస్తుంది."

ఢిల్లీ అనగానే గురమ్మ తలెత్తింది.

"నా పెనిమిటి అసిరయ్య ఈ గట్టు కిందే ఉన్నాడు బాబూ. వానకి మట్టిపెళ్ళ ఇరిగి మీద పడిపోనాది. తవ్వి తియ్యమని కాళ్ళట్టుకున్నాను. తియ్యనేదు. పైన మట్టేసి తొక్కించీసినారు. ఆడి అమ్మకేమో కొడుకు ఖరగ్‌పూరు ఎల్లినాడని సెప్పినారు. నాను నోరిప్పితే ఇద్దర్నీ ఊర్నుంచి తోలేస్తామన్నారు..."

కంట్రాక్టరు గుమాస్తా జగన్నాధం పరుగున వచ్చాడు. "ఆపండి సార్! అదేదో వాగుతోంది!"

డైరెక్టరు అతన్ని పక్కకి లాగాడు. "గోల చెయ్యకండి. ఈ కెమెరా బొమ్మే పడుతుంది, మాట పట్టదు. మాటలు తర్వాత స్టూడియోలో మా మనిషి చదువుతాడు. ఇలాంటి ఏడుపు మళ్ళీ కావాలంటే రాదు." కెమెరా మనిషికి సైగ చేశాడు. "మొహం దగ్గరగా తియ్యి. తెర నిండిపోవాలి."

గురమ్మకి ఇదేమీ తెలియదు. చెప్పాల్సిందంతా చెప్పి, ముక్కు చీదుకుని, తట్ట నెత్తికెత్తుకుంది. ఇంటికెళ్ళి అత్త జగ్గమ్మకి మాత్రం చెప్పలేకపోయింది. కొడుకు రగ్గు తెస్తాడని ఎదురుచూస్తున్న ఆ ముసలి మొహంలోకి చూసి ఎలా చెబుతుంది? ముందు ఢిల్లీ విననీ అనుకుంది.

కాలువకి నీళ్ళొదిలిన వారం ఆమదాలవలస సినిమా హాల్లో ఆ బొమ్మ వేశారు. పెద్దమనుషులకి కుర్చీలు, మట్టి మోసినవాళ్ళకి నేల. జగన్నాధమే లారీ పెట్టి కూలీలందర్నీ తోలుకొచ్చాడు. చప్పట్లకి చేతులు కావాలి కదా!

"పిన్నీ, నీ కోడలు సినిమాలో ఏషం కట్టీసినాది! ఇంక మనతోటి మాటాడతాదేటే?" జగ్గమ్మకి ఎదురుగా కూచుని ఆటపట్టించింది పొరుగింటి బుల్లమ్మ.

"నా కొడుకొచ్చినాక ఆడికీ సూపింతాను. ఎన్నాళ్ళాడతాదో అడగవే," అని మురిసిపోయింది జగ్గమ్మ.

గురమ్మ చీరకొంగు నోటికడ్డం పెట్టుకుంది. ఇప్పుడొస్తుంది తన మాట. కుర్చీల్లోవాళ్ళంతా వింటారు.

దీపాలార్పారు. కాలువ. నీళ్ళు. పచ్చటి చేలు. ఆ చేలు ఈ ఊరివి కావు, ఎక్కడివో తెచ్చి అతికించారు. ఆ తర్వాత తెర నిండా గురమ్మ. నోరు ఆమెది, గొంతు ఎవడో మగాడిది.

"ఈ శ్రమజీవి కళ్ళలో ఆనందబాష్పాలు చూడండి! 'ఈ కాలువ మా పాలిట కల్పవృక్షం' అంటోంది గురమ్మ."

కుర్చీల్లోవాళ్ళు చప్పట్లు కొట్టారు. గురమ్మ తల దించేసుకుంది. అసిరయ్యని రెండోసారి పూడ్చిపెట్టారు.

అప్పుడు పక్కనున్న అత్త లేచింది.

"నా కొడుకా! గట్టు కింద ఒగ్గీసినారా నాయినా నిన్ను!"

గుండెలు బాదుకుంది. వంగి, కోడలి నుదుటి బొట్టు అరచేత్తో తుడిచేసింది. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని నేలమీద కూలబడ్డారు.

చప్పట్లు ఆగిపోయాయి. జగన్నాధం కుర్చీలు తోసుకుంటూ వచ్చి గురమ్మ మీద పడ్డాడు. "ఎవరు చెప్పారే దీనికి? నువ్వేనా?"

"నాను సెప్పనేదు బాబూ, అమ్మోరి తోడు!"

"మరి దీనికెలా తెలిసింది? బొమ్మలో ఆ మాటే లేదు కదా!"

బుల్లమ్మ లేచి అడ్డంగా నిలబడింది. "మీ బొమ్మే సెప్పినాది. మీరే లారీ ఎక్కించి తెచ్చి మరీ సూపించినారు."

చిన్ననాడే చెవులు పోయిన జగ్గమ్మ, మనుషుల పెదాలు చూసే మాట తెలుసుకుంటుంది.