పాత వంటగదిలో నవల

"ఇది మళ్ళీ నా కంటబడిందో, నీ ఉద్యోగం ఊడినట్టే వెర్నెట్టా!"

మేనేజర్ మిసెస్ ప్రెస్కాట్ ఆ పుస్తకాన్ని బల్ల మీద విసిరింది. బానిసల బతుకు మీద ఎప్పుడో వచ్చిన పేరుమోసిన నవల. చర్చివాళ్ళ పాత సామాన్ల అమ్మకంలో దొరికింది. అట్ట సగం చిరిగిపోయింది.

"తిండి వేళ చదువుకుంటున్నా మేడమ్. అతిథులకేం చూపించట్లేదుగా?"

"చార్లెస్టన్ నుంచి ఇంత దూరం జనం పెళ్ళిళ్ళు చేసుకోడానికొస్తారు. పాత గోల వినడానికి కాదు. నువ్వు స్తంభాలు చూపించు, షాండ్లియర్లు చూపించు. అక్కడితో ఆపు."

అమెరికా దక్షిణాన ఉన్న ఆ పాత జమీందారీ బంగళాను వచ్చినవాళ్ళకు తిప్పి చూపించడమే వెర్నెట్టా పని. ఆమె పుస్తకం తీసుకుని పెరట్లోకి నడిచింది. అక్కడ ఒకప్పుడు బానిసలు వండిన ఇటుకల వంటగది ఉంది. ఎవరూ అటు పోరు. తాళంచెవి ఒక్కటే, అది వెర్నెట్టా నడుముకే ఉంటుంది. పొయ్యి పైన గూట్లో పుస్తకం పెట్టింది. నలభయ్యో పేజీలో చర్చి కాగితం మడిచి గుర్తు పెట్టింది.

మర్నాడు మధ్యాహ్నం చూస్తే గుర్తు అరవయ్యో పేజీలో ఉంది.

ఆ మర్నాడు నూటపదిలో.

పేజీల అంచుల మీద బొగ్గు మరకలు. చిన్న వేళ్ళవి, ఆడమనిషివి. పొయ్యి వెలిగి ఎన్నేళ్ళయిందో ఎవరికీ తెలీదు.

"మేడమ్, మీరు వంటగదిలోకి గానీ వెళ్ళారా?"

"నేనా? ఆ సాలెగూళ్ళలోకా? నీకేమైనా మతిపోయిందా?"

పుస్తకం ఇంటికి పట్టుకుపోదామని రెండుసార్లు చెయ్యి చాపింది వెర్నెట్టా. చాపి వెనక్కి తీసుకుంది. ఆ గదిలో వండినవాళ్ళకు అక్షరం నేర్చుకుంటే కొరడా దెబ్బలే దక్కేవి. ఇన్నాళ్ళకు ఎవరో చదువుతుంటే చేతిలోంచి లాక్కోవడం ఆమె వల్ల కాలేదు. పైగా తలుపు కాస్త ఓరగా తెరిచి, వెలుతురు పడేలా చేసి వెళ్ళడం మొదలుపెట్టింది.

శుక్రవారం మధ్యాహ్నం మిసెస్ ప్రెస్కాట్ ఆమె వెనకాలే వచ్చేసింది.

"ఇక్కడా దాచావు! రేపు రెండొందల మంది పెళ్ళివాళ్ళొస్తుంటే!"

"ముట్టుకోకండి మేడమ్. అది ఇప్పుడు నాది కాదు."

"మరెవరిదే?"

మిసెస్ ప్రెస్కాట్ గూట్లోంచి పుస్తకం లాగింది. చింపడానికి రెండు చేతులతో విప్పింది. విప్పిన చోటే ఆగిపోయింది. ఆమె మొహంలో నెత్తురుచుక్క లేదు.

"ఇది... ఇది నువ్వు రాశావా?"

"ఏది మేడమ్?"

వెర్నెట్టా తొంగి చూసింది. కథ అయిపోయాక మిగిలిన ఖాళీ పేజీ అది. దాని మీద బొగ్గుతో, అప్పుడే రాయడం నేర్చుకున్న చేతిరాతతో, పెద్ద పెద్ద వంకర అక్షరాలు. బొగ్గుపొడి ఇంకా రాలుతోంది.

వాళ్ళ వెనక తలుపు మెల్లగా మూసుకుంది. సందులోంచి పడుతున్న వెలుతురులో వెర్నెట్టా కూడబలుక్కుని పైకి చదివింది:

"కథ బానే రాశారు. కానీ జరిగింది ఇది కాదు. ఇద్దరూ కూర్చోండి, చెప్తాను."