చెవి దగ్గర విరిచిన బిస్కెట్

ఆమెను దొంగని చేసింది మీరే. మూడో అంతస్తు వాళ్ళూ, ఏం జరిగిందో అడక్కుండా సంతకాలు గీకిన మిగతా అంతస్తుల వాళ్ళూ.

ఆమె చేసిన నేరం ఒక బిస్కెట్ విరవడం.

మూడో అంతస్తు అత్తగారు జబ్బుపడి నాలుగు రోజులుగా ముద్ద ముట్టలేదు. మూతపడిన ఫ్యాక్టరీ వాళ్ళ పాత క్రీమ్ బిస్కెట్ ఒక్కటే కావాలంది. కోడలు ఇంట్లోనే చెయ్యబోయింది. రెండుసార్లు చేసింది. క్రీమ్ పెట్టి డబ్బాలో వేసిన గంటకే మెత్తబడ్డాయి. ముసలావిడ ఒకటి కొరికి, పక్కన పెట్టేసి, గోడవైపు తిరిగి పడుకుంది.

మూడోసారి వేడి ట్రే మెట్ల కిటికీలో పెట్టి, క్రీమ్ గిన్నె తేవడానికి లోపలికి వెళ్ళింది కోడలు.

తిరిగొచ్చేసరికి మెట్లు ఊడ్చే ఆమె ఒక బిస్కెట్‌ని చెవి దగ్గర పెట్టుకుని విరుస్తోంది.

"ఏం చేస్తున్నావ్?"

"వింటున్నానమ్మా. ఇంకా చప్పుడు రాలేదు. పూర్తిగా చల్లారనివ్వు. వేడి మీద క్రీమ్ పెడితే చెమట పట్టి మెత్తబడిపోతుంది."

"చీపురు పట్టిన చేత్తో ముట్టుకుని, పైగా నాకు పాఠాలా?"

సాయంత్రానికల్లా నోటీసు బోర్డు మీద, ఆమె బిస్కెట్లు దొంగిలించిందంటూ అందరి సంతకాలతో కాగితం వెలిసింది. ఆమె ఏదో చెప్పబోతే, పొద్దున్నకల్లా గేటు దాటాలన్నాడు అపార్ట్‌మెంట్ సెక్రటరీ.

ఆమె చెప్పిన మాట మాత్రం కోడలిని వదల్లేదు. మర్నాడు బిస్కెట్లు రెండు గంటలు ఆరబెట్టింది. ఎవరూ చూడకుండా ఒకటి చెవి దగ్గర విరిచింది.

టప్పుమంది.

అత్తగారు ఒకటి తినేసి రెండోదానికి చెయ్యి చాచింది.

"ఇదేనమ్మాయ్. ఎవరు నేర్పారే నీకు?"

కోడలు డబ్బాలో నాలుగు బిస్కెట్లు వేసుకుని కిందికి పరిగెత్తింది. మెట్లు ఊడ్చే ఆమె పొద్దున్నే తన గది ఖాళీ చేసి వెళ్ళిపోయిందనీ, ఎక్కడికో చెప్పలేదనీ వాచ్‌మన్ అన్నాడు. తర్వాత అతను ఆమె గురించి చెప్పిన ఇంకో మాట విని కోడలు డబ్బా పట్టుకుని ఏడ్చింది.

ఏడుపులు తర్వాత. ముందు ఆ కాగితం చింపండి, వీధి వీధీ తిరిగి ఆమెను వెతకండి, దొరికితే చీపురు కాదు కుర్చీ ఇవ్వండి: మీ ముసలావిడ ప్రాణం పెట్టుకున్న ఆ బిస్కెట్‌ని, ఫ్యాక్టరీ మూతపడే రోజుదాకా ఇరవై ఆరేళ్ళు, చెవి దగ్గర విరిచి విని బయటికి పంపింది ఆమే.